ఎదురు మగ్గం

మైకమ్మ చేతికి మైకు ఇవ్వడమంత తెలివితక్కువ పని ఇంకొకటి ఉండదని వీధిలో ఎవరిని అడిగినా చెప్పేవారు. పాత మిల్లులో కొత్తగా తెరుస్తున్న ప్రాంగణం పనులు చూసే అమ్మాయి ఎవరినీ అడగలేదు.

“మామూలుగా మాట్లాడండమ్మా, చాలు” అని మైకు తెచ్చి నోటి దగ్గర పెట్టింది. మైకమ్మ మామూలుగానే మాట్లాడింది. “నేను ఈ షెడ్డులోనే పనిచేశాను” అనే ముక్క పూర్తికాకముందే దూలాల మీది పావురాలన్నీ లేచిపోయాయి. నిచ్చెనెక్కి దీపాలు బిగిస్తున్న మనిషి ఉలిక్కిపడి ఇనుప స్తంభాన్ని కావలించుకున్నాడు. స్పీకర్లు కీచుమన్నాయి. అమ్మాయి మైకును కొంచెం దూరం జరిపింది. ఇంకొంచెం జరిపింది. ఆఖరికి దాన్ని ఆపేసి, ఇప్పుడు చెప్పమంది. మైకు ఉన్నప్పటికీ లేనప్పటికీ పెద్ద తేడా ఏమీ కనిపించలేదు.

పాపం, అందులో మైకమ్మ తప్పేం లేదు. మగ్గాల షెడ్డులో సగం జీవితం గడిపిన చెవులవి. తన మాట తనకు వినబడాలన్నా ఆ మాత్రం గొంతు ఎత్తాల్సిందే. తమాషా ఏమిటంటే, షెడ్డులో ఉన్నన్నాళ్లూ ఆమె అరిచి ఎరగదు. మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆడుతుంటే పక్కన పిడుగు పడ్డా తెలిసేది కాదు, ఇంక అరిచి ఏం లాభం? అక్కడ మాటలన్నీ చేతులతోనే. మంచినీళ్లకు వెళ్తున్నానంటే బొటనవేలు పెదవికి ఆనించడం. జాబరు మేస్త్రీ ఇటే వస్తున్నాడంటే లేని మీసం మెలెయ్యడం. తప్పు నాదేనంటే గుప్పిట మూసి గుండె మీద రెండుసార్లు కొట్టుకోవడం. కొత్తగా పెళ్లయినవాళ్ల కబుర్ల దగ్గర్నుంచి చావు కబుర్ల దాకా అన్నీ ఆ వేళ్ల మీదే నడిచేవి. మైకమ్మ అరుపులన్నీ మిల్లు మూతపడి, నిశ్శబ్దంలోకి వచ్చి పడ్డాక మొదలైనవి.

ఆ మిల్లునే ఇప్పుడు కళా ప్రాంగణం చేశారు. నూలు గోదాములో పుస్తకాలు పెట్టారు. బాయిలరు గదిలో పిల్లలు బొమ్మలు వేస్తారట. మగ్గాల షెడ్డు నాటకాలకూ పాటలకూ సభలకూ. గోడలకు సున్నం వేయకుండా అలాగే ఉంచేశారు, అదే అందమట. నేలలో మగ్గాలు బిగించిన బోల్టుల గుంతలు వరుసగా ఉంటే వాటిని కూడా పూడ్చలేదు. షెడ్డు నడిమధ్యన ఒకే ఒక్క మగ్గాన్ని తెచ్చి నిలబెట్టారు. ప్రారంభం రోజున మిల్లు మనిషి ఒకరు ఆ మగ్గం ముందు నిలబడి తన కథ చెప్పాలని, చెప్పాక మగ్గం ఆడించి చూపాలని ప్రాంగణం అమ్మాయి ఆలోచన. పెద్దవాళ్లందరూ వస్తారు. ఏర్పాట్లన్నీ ఆ అమ్మాయి నెత్తినే ఉన్నాయి. తిండి ఎప్పుడు తింటుందో ఎవరికీ తెలియదు.

మర్నాడు పొద్దున్నే అమ్మాయి వచ్చి మైకమ్మ పక్కన కూర్చుంది. చెయ్యి పట్టుకుంది. చెయ్యి పట్టుకున్నప్పుడే మైకమ్మకు అనుమానం వచ్చింది. ఇదివరకు ఇంటికొచ్చి చెప్పించుకున్న కబుర్లన్నీ రేడియోలో చదివే ఒకావిడ చేత రాత్రికి రాత్రే చదివించి రికార్డు చేశామని, ఆ రోజు అది వినిపిస్తామని అమ్మాయి నెమ్మదిగా చెప్పుకొచ్చింది. నెమ్మదిగా చెబితే మైకమ్మకు వినబడదు కాబట్టి మళ్లీ గట్టిగా చెప్పాల్సి వచ్చింది. దీపాలవాళ్లు, కుర్చీలవాళ్లు అందరూ విన్నారు.

“మాటలు మీవే అమ్మా. ఒక్క ముక్క మార్చలేదు. గొంతు మాత్రం ఆవిడది.”

“మరి నేనేం చెయ్యాలి?”

“మీరు మగ్గం ఆడించండి, చాలు.”

కావాలంటే వినమని అమ్మాయి ఫోను చెవి దగ్గర పెట్టింది. ఎవరో ఆవిడ, తేనె పూసిన గొంతు. ‘నేను పెళ్లయి వచ్చిన ఏడాదే మిల్లులో చేరాను’ అంటోంది. ఆవిడ జన్మలో మిల్లు గేటు చూసి ఉండదు. మైకమ్మకు నవ్వు రావాల్సింది, ఏడుపు వచ్చింది. కానీ ఆ ఏడుపు అమ్మాయి అనుకున్నదాని గురించి కాదు.

మైకు అనగానే మైకమ్మ ఎందుకు ఎగిరి గంతేసి ఒప్పుకుందో ఎవరికీ తెలియదు. పేరు కోసం కాదు, ఫొటో కోసం కాదు. కథంతా అమ్మాయికి చెప్పింది గానీ ఒక్క మాట మాత్రం దాచుకుంది. దాన్ని ఆ రోజు, ఆ షెడ్డులో, అంతమంది ముందు మైకులో తానే చెప్పాలని. అంత పెద్ద స్పీకర్లలోంచి వస్తే వాళ్ల వదిన చెవికి కూడా చేరుతుందని.

*

వదిన అంటే మైకమ్మ భర్తకు అక్క. ఇద్దరిదీ ఒకే ఇల్లు. ముందు వాటా మైకమ్మది, వెనక వాటా వదినది, నీళ్ల పంపు ఇద్దరిదీ. మిల్లులో ఎదురెదురు మగ్గాలు. రెండు మగ్గాలు వీపూ వీపూ ఆనించినట్టు ఉండేవి, ఇటు ఈమె, అటు ఆమె. తన మగ్గం ముందు నిలబడ్డ మనిషికి నేసిన గుడ్డ కనబడుతుంది గానీ, వెనక పడుగులో పోగు తెగితే వెంటనే కనబడదు. ఎదురుగా ఉన్నామెకు కనబడుతుంది. ఆమె చూపుడువేలు పైకెత్తి కొక్కెంలా వంచితే పోగు తెగిందని. తర్వాత ఏ భుజం తట్టుకుంటే ఆ పక్కన. ఎదురెదురుగా ఉంటారు కదా, కుడి ఎడమలు తారుమారవుతాయి. అందుకని ఎప్పుడూ అవతలి మనిషి లెక్కలోనే చూపాలి, ఇది షెడ్డులో మొదటి పాఠం. అలా ఒకరి మగ్గానికి ఇంకొకరు కాపలా కాస్తూ సగం జీవితం గడిచింది. ఇంట్లో వదినామరదళ్లకు పొసగని రోజుల్లో కూడా షెడ్డులో ఆ వేళ్లు ఆగలేదు.

ఇప్పుడు ఒకే పంపు దగ్గర బిందెలు పెట్టుకుంటారు, మాట లేదు. మొహం కూడా చూసుకోరు. కారణం మైకమ్మ నోరు.

మిల్లు మూసేశాక మగ్గాలను పాత ఇనుము కింద అమ్మేశారు. తీసుకుపోవడానికి లారీ వచ్చింది. మిల్లువాళ్లందరూ గేటుకు అడ్డం కూర్చున్నారు. తీరా చూస్తే లారీ నడిపేది వదిన కొడుకు. వాడికి ఆ లారీ పని దొరికి ఎన్నాళ్లో కాలేదు. ఎంత అడ్డం కూర్చున్నా, మైకమ్మ కళ్ల ముందే వదిన మగ్గం లారీ ఎక్కింది, ఆ తర్వాత తనది. ఆ కడుపుమంటలో సొంత మేనల్లుణ్ణి పట్టుకుని, “ఓరి తుక్కు వెధవా, అమ్మ మగ్గాన్నే తుక్కుకు మోస్తున్నావుట్రా” అంది. ఇంకెవరైనా అని ఉంటే ఆ గలాటాలో ఆ మాట కలిసిపోయేది. మైకమ్మ అంది. వీధి చివర టీ కొట్టు దాకా వినిపించింది.

అంతే, ఆ రోజు నుంచి వాడు తుక్కు. పిల్లలు తుక్కు మావయ్య అన్నారు, పెద్దవాళ్లు తుక్కుగాడన్నారు. సంబంధం మాట్లాడటానికి వచ్చినవాళ్లు ఇల్లు ఎక్కడని అడిగితే, ‘తుక్కుగాడి ఇల్లా?’ అని దారి చూపారు. వాళ్లు టీ కూడా తాగకుండా లేచిపోయారు. తర్వాత వాడికి మంచి పిల్లే దొరికింది, ఇద్దరు పిల్లల తండ్రి అయ్యాడు, లారీ సొంతంగా కొనుక్కున్నాడు. పేరు మాత్రం పోలేదు. వాడు నవ్వేసి ఊరుకున్నాడు. వాళ్లమ్మ ఊరుకోలేదు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అన్నారా.

తప్పయిందని చెప్పడానికి మైకమ్మ ప్రయత్నించకపోలేదు. వదినకు చెవులు ఈమె కన్నా దారుణం. ఒకరికి గుసగుసలాడటం చేతకాదు, ఇంకొకరికి గుసగుస వినబడదు. తప్పయిందని అనాలంటే ఏ మాటకో కూడా చెప్పాలి. ఆ మాట మళ్లీ ఈ గొంతుతో అంటే, మర్చిపోయినవాళ్లకు కూడా గుర్తు చేసినట్టే. చీటీ రాయిద్దామంటే వదినకు చదివిపెట్టేది ఆ కొడుకే. పోనీ చేతులతో చెబుదామంటే చేతి మాటకు చూపు కలవాలి, వదిన చూపు ఎత్తదు. బిందె నిండేదాకా బిందెలోకే చూస్తుంది. ఎలాగూ వీధంతా వింటుంది కాబట్టి, మైకు దొరికితే అందరి ముందూ తప్పు తనదేనని ఒక్కసారి ఒప్పుకుందామనుకుంది, ఇప్పుడు ఆ దారీ మూసుకుపోయింది.

ఫోనులో ఆ తేనె గొంతు విన్న రోజు సాయంత్రం మైకమ్మ ఆహ్వానపు కార్డు పట్టుకుని వెనక వాటా గుమ్మం దగ్గరికి వెళ్లింది. వదిన లోపల మంచం మీద కూర్చుని ఆరిన బట్టలు మడత పెడుతోంది. దుప్పటి అంచులు కలిపి, గడ్డంతో నొక్కిపట్టి, రెండు చేతులూ కిందికి జార్చి చదును చేయడం మిల్లు మడతే. మైకమ్మ కాసేపు ఆ మడత చూస్తూ నిలబడింది. తర్వాత తన మటుకు తాను చాలా మెల్లగా, “వదినా” అంది.

వదిన తల ఎత్తలేదు. వినబడలేదో, విననట్టుందో దేవుడికే తెలియాలి.

“వదినా, ఎల్లుండి మిల్లు తెరుస్తున్నారు.”

పక్కింటి కిటికీ తెరుచుకుంది. ఎదురింటామె వాకిట్లోకి వచ్చి చీపురు వెతుక్కుంటున్నట్టు నటించింది. వదిన దుప్పటి పక్కన పెట్టి దిండుగలీబు తీసుకుంది. ఇంకో మెట్టు గొంతు పెంచితే వీధి వీధంతా గుమ్మంలోకి వస్తుంది. మైకమ్మ కార్డును మడతపెట్టిన బట్టల మీద ఉంచి వెనక్కి వచ్చేసింది. చెవిటి ముందు శంఖం ఊదినట్టు అంటారు గానీ, శంఖానికి ఎంత సిగ్గుగా ఉంటుందో ఎవరూ చెప్పరు.

మైకమ్మ కోడలు అంతా చూసింది. ఆమె మంచి పిల్ల. పొద్దస్తమానం ‘అత్తయ్యా, మెల్లగా, పాప పడుకుంది’ అని చెప్పే పిల్లే ఆ రోజు ఆ మాట అనకుండా టీ ఇచ్చింది.

*

మర్నాడు జాబరు మావయ్య మగ్గానికి చివరి మెరుగులు దిద్దుతున్నాడు. జాబరు అంటే మిల్లులో మగ్గాలు బాగుచేసే మేస్త్రీ. ఒకప్పుడు ఆయన నీడ పడితే షెడ్డంతా మీసాలు మెలేసేది. ఇప్పుడు ఆ మీసం తెల్లబడి, వణికే వేళ్లతో నూనె డబ్బా పట్టుకున్నాడు. ఆ మగ్గాన్ని పాత ఇనుము కొట్టులో వెతికి పట్టుకుని, తన లారీలో వేసుకుని వచ్చింది ఎవరనుకున్నారు? తుక్కే. ఏ కొట్టులో ఏం మిగిలిందో వాడికి తప్ప ఎవరికి తెలుసు. బాడుగ కూడా పుచ్చుకోలేదట.

వాడు అక్కడే ఉన్నాడు, మావయ్య అడిగినప్పుడల్లా చక్రం తిప్పుతూ. మైకమ్మను చూసి, “అత్తయ్యా, నీ మగ్గమో అమ్మ మగ్గమో తెలీదు గానీ ఏదో ఒకటి తెచ్చేశా” అని నవ్వాడు. మైకమ్మ వాడి భుజం మీద చెయ్యి వేసింది. అమ్మ రేపు వస్తుందా అని అడిగింది. వాడు మొహమాటంగా తల గోక్కుని, చూస్తానన్నాడు.

మైకమ్మ కండెలో దారం చూసుకుంది. కండెను పడవలాంటి నాడెలో బిగించింది. పడుగు మీద అరచెయ్యి ఆనించి, ఒక చివర నుంచి ఇంకో చివరకు నిమిరింది. పోగులన్నీ సమంగా బిగిశాయో లేదో చెయ్యే చెబుతుంది. ఒక చోట వదులుగా అనిపిస్తే మావయ్యకు చూపించింది. కొత్త మోటారుకు ఇంకా కరెంటు కలపలేదు కాబట్టి చక్రాన్ని చేత్తోనే తిప్పి, నాడె అటూ ఇటూ రెండుసార్లు పరిగెత్తేలా చూసి, బాగుందనుకున్నారు. మోటారు సంగతి రేపు పొద్దున చూద్దామన్నాడు మావయ్య. అక్కడ జరిగిన పొరపాటు అదే. మగ్గం ఆడుతుంటే ఏ గొంతూ వినబడదన్న సంగతి ప్రాంగణం అమ్మాయికి తెలియదంటే అర్థం ఉంది. ఏళ్ల తరబడి ఆ హోరులోనే బతికిన మావయ్యకూ మైకమ్మకూ కూడా తట్టలేదు. వాళ్లకు అదొక చప్పుడన్న ఆలోచనే ఎప్పుడూ లేదు.

అమ్మాయి కుర్చీలు వేయిస్తోంది. మగ్గానికి ముందువైపు మెత్తటి కుర్చీలు, పెద్దవాళ్లకు. మగ్గం వెనక, పాత గోడ వైపు బల్లలు, మిల్లువాళ్లకు. వెనకాల ఆ గోడ, ఆ మొహాలు, ముందు మగ్గం, ఫొటోలో చాలా బాగుంటుందని ఫొటోలు తీసే అబ్బాయి చెప్పాడట. అమ్మాయికి అందులో తప్పేమీ కనిపించలేదు. నేసే మనిషి వీపే పెద్దవాళ్లకు కనబడుతుందని మైకమ్మకు తెలుసు గానీ, ఆమె మనసంతా ఇంకో దాని మీద ఉంది.

“అమ్మాయ్, ఆవిడ గొంతు అయిపోయాక చివర్లో నన్ను ఒక్క మాట చెప్పనియ్యవూ? ఒక్కటే. మైకులో.”

అమ్మాయి అలసిపోయిన కళ్లతో ఆమెను చూసింది. కాదనడం ఆ పిల్లకు నిజంగానే కష్టంగా ఉంది. తర్వాత ప్రసంగాలున్నాయని, పెద్దవాళ్లకు టైము లేదని, అయినా చూద్దామని చెప్పింది. చూద్దామంటే లేదని అర్థం చేసుకునే వయసు మైకమ్మకు ఎప్పుడో వచ్చింది. మగ్గం పిడి మీద అంటిన నూనెను గుడ్డతో తుడుస్తూ ఉండిపోయింది. ఎందుకొచ్చిన మగ్గం, ఎందుకొచ్చిన ప్రాంగణం, రేపు ఒంట్లో బాగాలేదని పడుకుంటే ఎవరేం చేస్తారు అనుకుంది. అనుకుంటూనే, వదులైన పోగును మళ్లీ ఒకసారి సరిచేసింది.

*

ప్రారంభం రోజున షెడ్డు నిండిపోయింది. ముందు కుర్చీల్లో ఇస్త్రీ బట్టలు, వెనక బల్లల మీద మిల్లువాళ్లు. మిల్లువాళ్లందరూ ఒక చోట చేరి చాన్నాళ్లయింది. చేరారు గానీ మాటలు సాగలేదు. అందరికీ చెవులు పోయాయి కదా. ఒకరు ఏదో అడిగితే ఇంకొకరు తల ఊపి నవ్వడం, మళ్లీ చేతులు ఒళ్లో పెట్టుకుని ఎదురుగా చూడటం. పెళ్లివారింట్లో పరిచయం లేని చుట్టాల్లాగా కూర్చున్నారు.

వదిన వచ్చింది. కొడుకు చెయ్యి పట్టుకుని, నేల వైపు చూసుకుంటూ నడిచి వచ్చింది. ‘మావాడు తెచ్చిన మగ్గం చూడటానికి వచ్చాను, ఎవరి కోసమో కాదు’ అని గుమ్మం దగ్గర ఎవరితోనో అందట. బల్లల వరుసలో ఖాళీలు చాలా ఉన్నాయి. ఆమె నేల మీది బోల్టుల గుంతలను కళ్లతోనే దాటుకుంటూ వెళ్లి, సరిగ్గా ఒక చోట ఆగి కూర్చుంది. మైకమ్మ మగ్గానికి ఎదురుగా, ఒకప్పుడు తన మగ్గం ఉన్న చోట.

పెద్దవాళ్లలో ఒకాయన రిబ్బను కత్తిరించాడు. చప్పట్లయ్యాయి. అమ్మాయి సైగ చేసింది. మైకమ్మ ముందు కుర్చీలకు వీపు పెట్టి మగ్గం ముందు నిలబడింది. నేసే మనిషి అలాగే నిలబడుతుంది మరి. స్పీకర్లలోంచి తేనె గొంతు మొదలైంది: ‘నేను పెళ్లయి వచ్చిన ఏడాదే...’

మైకమ్మ పిడి లాగింది.

ఒక్క మగ్గమే. కానీ ఖాళీ షెడ్డు, రేకుల కప్పు, నాలుగు గోడలు. నాడె ఒక చివర కొట్టుకుని ఇంకో చివరకు పరిగెత్తే ఆ దెబ్బ నేలలోంచి కుర్చీల కాళ్లలోకి ఎక్కింది. తేనె గొంతు మునిగిపోయింది. ముందు వరుసలో ఒకావిడ చెవులు మూసుకుంది. అమ్మాయి పరిగెత్తి స్పీకర్ల గొంతు పెంచింది. లాభం లేదు. ఏదో అరుస్తూ మైకమ్మ వీపు వైపు చేతులు ఊపింది. వీపుకు కళ్లుండవు కదా.

మైకమ్మ చూస్తున్నది వెనక బల్లల వైపు. అక్కడ ఏదో జరుగుతోంది. మగ్గం హోరు మొదలైందో లేదో, ఒక ముసలాయన చెయ్యి ఒళ్లోంచి లేచింది. ఎదుటివాణ్ణి చూపించి, పొట్ట మీద గుండ్రంగా రాశాడు, బాగా లావెక్కావని. అవతలాయన వెంటనే జుట్టు లేని తల నిమిరి చూపాడు, నీ సంగతో అని. ఇద్దరి భుజాలూ నవ్వుతో ఎగిరాయి. ఆ పక్కన ఒకామె మనవలు ఎంతెంత ఎత్తున్నారో చూపుతోంది. జాబరు మావయ్య వైపు చూసి బల్లంతా లేని మీసాలు మెలేసింది. అంతసేపూ రాళ్లలా కూర్చున్న మనుషులు గలగలా మాట్లాడేసుకుంటున్నారు. ఇన్నేళ్లకు వాళ్లకు మళ్లీ చెవులొచ్చాయి. చూస్తున్న మైకమ్మ మనసు నిండిపోయింది. ఆ నిండుదనంలో తన మగ్గం సంగతే మర్చిపోయింది.

అప్పుడు వదిన లేచి నిలబడింది.

చూపుడువేలు పైకెత్తి కొక్కెంలా వంచింది. ఎడమ భుజం తట్టుకుంది. మైకమ్మ లెక్కలో ఎడమ. పోగు తెగింది.

మైకమ్మ చెయ్యి పిడి మీద పడింది. మగ్గం ఆగిన కాసేపూ స్పీకర్లలో తేనె గొంతు మోగింది. ఆమె ఎడమ పక్కకు వంగి, పడుగులో వేళ్లు దూర్చి, తెగిన కొస వెతికి పట్టుకుంది. కొత్త పోగు కలిపి ముడివేసి, దువ్వెనలాంటి అచ్చు పళ్ల సందులోంచి లాగి, గుడ్డ అంచుకు చేర్చింది. పిడి లాగింది. మగ్గం ఆడింది. బొటనవేలు, చూపుడువేలు కలిపి ఎత్తి చూపింది, ముడిపడింది అని. వదిన తల ఊపింది.

ఊపాక ఇద్దరికీ గుర్తొచ్చింది, తమకు మాటల్లేవని.

వదిన కూర్చోలేదు. చూపు కూడా దించలేదు. తానే ముందు పిలిచి, ఇప్పుడు మొహం తిప్పుకోవడం ఎలాగో ఆమెకు తెలిసినట్టు లేదు. ఇన్నాళ్లూ ఎదురుచూసిన చూపు ఎదురుగా ఉంది. మైకు లేదు, గొంతు అక్కర్లేదు. గుప్పిట మూసి గుండె మీద రెండుసార్లు కొట్టుకుంది.

వదిన కనుబొమలు ముడిపడ్డాయి. పోగు తెగిన చోటు చూపించింది. దాని గురించా?

కాదని మైకమ్మ తల అడ్డంగా ఊపింది. రెండు చేతులూ ఎత్తి లారీ స్టీరింగు తిప్పింది. చెయ్యి చాపి, వదిన పక్కన కూర్చున్న మేనల్లుణ్ణి చూపించింది. ఆ చేతినే తెచ్చి తన నోటి మీద కొట్టుకుంది. మళ్లీ గుప్పిట గుండె మీద, ఈసారి రెండు దెబ్బలతో ఆపలేదు.

బల్లల మీద చేతులన్నీ ఆగిపోయాయి. ఆ రోజు గేటు దగ్గర ఆ మాట విన్నవాళ్లందరూ అక్కడే ఉన్నారు. ఏ వీధి వింటుందని ఇన్నాళ్లూ గుటకలు మింగిందో ఆ వీధే కళ్లప్పగించి చూస్తోంది. మైకమ్మకు సిగ్గు వేయలేదు. ముందు కుర్చీలవాళ్లకు మాత్రం ఒక్క ముక్క అర్థం కాలేదు. తుక్కు నోరు తెరుచుకుని అమ్మనూ అత్తయ్యనూ మార్చి మార్చి చూశాడు. వాడికి కళ్లనీళ్లు తిరిగాయి.

ప్రాంగణం అమ్మాయి మగ్గం పక్కదాకా వచ్చి, ఆపమనడానికి ఎత్తిన చెయ్యిని అలాగే ఉంచేసి నిలబడింది. కాసేపు అటూ ఇటూ చూసింది. వెనక్కి వెళ్లి, ఎలాగూ వినబడని ఆ తేనె గొంతును ఆపేసింది. తర్వాత మెత్తటి కుర్చీల మధ్య నుంచి నడిచి, మగ్గాన్ని చుట్టి, వెనక బల్లల చివర వచ్చి కూర్చుంది. ఆమె వెనకే ముందు వరుసలోంచి చెవులు మూసుకున్నావిడ కూడా లేచి ఇటువైపు వచ్చింది. ఇంకొందరు వచ్చారు. ఫొటోలు తీసే అబ్బాయి ఎటు నిలబడాలో తెలియక మధ్యలో ఉండిపోయాడు.

వదిన తన కొడుకు చెయ్యి విడిపించుకుంది. బోల్టుల గుంతల మధ్యగా, మోకాలు నొక్కుకుంటూ, ఒక్కొక్క అడుగే వేస్తూ మగ్గం దగ్గరికి వచ్చింది. పడుగు వెనక నిలబడి, అరచెయ్యి ఆనించి, ఒక చివర నుంచి ఇంకో చివరకు నిమిరింది. తర్వాత మైకమ్మ వైపు చూసింది. బొటనవేలు పెదవికి ఆనించి, గుమ్మం వైపు గడ్డం విసిరింది. అరచెయ్యి తన గుండె మీద పెట్టుకుంది.

నువ్వెళ్లి మంచినీళ్లు తాగిరా. నేను చూసుకుంటాను.

షెడ్డులో అంతకు మించిన పెద్ద మాట లేదు. తన మగ్గాన్ని ఇంకొకరికి అప్పగించి వెళ్లడం ఎవరినిబడితే వాళ్లను నమ్మి చేసే పని కాదు. మైకమ్మ పక్కకు జరిగింది. వదిన చుట్టూ తిరిగి వచ్చి ఆమె చోట నిలబడింది, పిడి మీద చెయ్యి వేసింది.

బయట, పాత గేటు పక్కన మంచినీళ్ల పంపు ఇంకా ఉంది. దానికి కొత్తగా రంగు వేశారు. మైకమ్మ దోసిలి పట్టి తాగింది, మొహం కడుక్కుంది. లోపల మగ్గం ఆగకుండా ఆడుతోంది. దెబ్బ కొంచెం తొందరగా పడుతోంది, వదిన చెయ్యి ఎప్పుడూ అంతే. ప్రాంగణం అమ్మాయి పరిగెత్తుకుంటూ వచ్చి పక్కన నిలబడింది. ఆ పిల్ల కళ్లు కూడా ఎర్రగా ఉన్నాయి, ఎందుకో ఆ పిల్లకే తెలిసి ఉండదు. ఆఖర్న వదిన ఏమందో చెప్పమని మైకమ్మ చెవి దగ్గర నోరు పెట్టి అడిగింది.

మైకమ్మ తడి చేతులు దులుపుకుంది.

“మంచినీళ్లు తాగి రమ్మంది” అని మామూలుగానే చెప్పింది.

వీధి చివర టీ కొట్టు దాకా వినిపించింది.